మూటల కోట: నలుగురు కలిసి బ్రౌజర్‌లో ఆడే పిక్సెల్ ఆటను ఇంట్లో కూర్చుని కట్టుకోవడం ఎలా?

జమ్మలమడుగులో మా ఇంట్లో మగ్గం ఉన్నన్నాళ్లూ, నాన్న రాత్రిపూట గ్రాఫ్ కాగితం ముందేసుకుని కూర్చునేవాడు. చీర అంచులో హంస రావాలంటే ఏ గడి నిండాలో, ఏది ఖాళీగా ఉండాలో పెన్సిలుతో నింపుకుంటూ పోయేవాడు. ఆ గడుల లెక్కనే, మగ్గం మీద డిజైను నడిపించే జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. పిక్సెల్ బొమ్మ, అంటే చిన్న చిన్న రంగు గడులతో కూర్చిన బొమ్మ, వేయడమంటే అచ్చంగా ఇదే పని. బొమ్మలు గీయడం నేర్చుకోని నేను ఒక ఆటకు కావాల్సిన బొమ్మలన్నీ వేయగలిగానంటే, అది ఆ గడుల చలవే.

ఆట పేరు మూటల కోట. చోటు మా పక్కనే ఉన్న గండికోట. కోట గుమ్మం బయట కొర్రల మూటలు పడి ఉంటాయి. పొద్దు గూకేలోపు వాటిని లోపలున్న ధాన్యాగారానికి చేర్చాలి. చిన్న మూటను ఒక్కరే మోయొచ్చు, పెద్దదానికి ఇద్దరు పట్టాలి. నలుగురు ఆడొచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, లింకు తెరిస్తే చాలు. ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రుళ్లు కూర్చుని ఆరు నెలల్లో నేనొక్కదాన్నే దీన్ని కట్టాను. అందులో సగం రోజులు ఒకే ఒక్క తప్పు తినేసింది. దాని సంగతి కింద చెబుతాను.

ముందు బొమ్మలు వేసుకోండి. పిస్కెల్ అనే ఉచిత టూల్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అడ్డంగా 16, నిలువుగా 16 గడులు పెట్టుకోండి, మొత్తం 256. మనిషికి కళ్లూ ముక్కూ పెట్టాలని చూడకండి, ఆ సైజులో ముఖానికి దక్కేవి కొద్ది గడులే. తలపాగా రంగు, నడుముకు కట్టిన తువ్వాలు, అడుగు వేసినప్పుడు ఒక గడి పైకి లేచే తల ఉంటే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. నా మూట మొదట అచ్చం బంగాళాదుంపలా ఉండేది. పైన రెండు గడులతో ముడి, ముడి కింద ఒక నల్ల గడి, కుడివైపు అడుగున మూడు గడుల ముదురు పసుపు నీడ వేశాను. అంతే, మూటైపోయింది.

రంగులు 8 దాటనివ్వకండి. నావి కోట గోడల ఎరుపు, పెన్నా ఇసుక రంగు, కొర్ర గింజ పసుపు, బొమ్మల అంచులకు కడప బండ నలుపు, ఇంకో నాలుగు. రంగులు తక్కువైతే బొమ్మలన్నీ ఒకే ఊరివిలా కుదురుకుంటాయి.

బొమ్మను తెరమీద పెద్దది చేసేటప్పుడు బ్రౌజర్ దాన్ని నునుపు చేయబోయి మసకబారుస్తుంది. పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో ఇమేజ్ రెండరింగ్‌ను పిక్సలేటెడ్ అని పెట్టండి, పేజీలో ఆట బొమ్మలు గీసే చోటైన కాన్వాస్‌లో ఇమేజ్ స్మూతింగ్ ఆపేయండి. పెంచితే రెండింతలో మూడింతలో పెంచండి. రెండున్నర ఇంతలంటే కొన్ని గడులు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి.

ఇక నలుగురినీ కలపడం. మామూలు వెబ్ పేజీ ఉత్తరం లాంటిది, మనం అడిగితేనే సర్వర్, అంటే పేజీని పంపే అవతలి కంప్యూటర్, జవాబిస్తుంది. వెబ్‌సాకెట్ ఫోన్ కాల్ లాంటిది, లైను తెరిచే ఉంటుంది, ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడొచ్చు. ఈ పద్ధతి 2011లో ప్రమాణంగా ఖరారైంది, ఇప్పటి ఫోన్లలోని బ్రౌజర్లన్నింటిలో పనిచేస్తుంది. నేను సర్వర్ ప్రోగ్రామును నోడ్ జేఎస్‌లో రాశాను, అది జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపించే టూల్.

ఆ తప్పు ఇక్కడే జరిగింది. మొదట్లో ఎవరి ఫోను వాళ్ల మూటల లెక్క చూసుకునేది, సర్వర్ ఆ కబురును మిగతావాళ్లకు మోసేది, అంతే. ఒక ఆదివారం నేను లాప్‌టాప్‌లో, చిన్నాన్న కొడుకు ఫోన్లో ఆడుతున్నాం. ఇద్దరం ఒకే మూట మీద ఒకేసారి నొక్కాం. "అక్కా, మూట నా కాడుంది!" అన్నాడు. నా తెరమీద అది నా నెత్తినే ఉంది. ఇద్దరం ధాన్యాగారానికి వెళ్లి దించితే, ఉన్న ఒక్క మూటా రెండుగా లెక్క పడింది. వారాల తరబడి అతుకులు వేశాను. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట మూట మాయమయ్యేది.

చివరికి ఆ భాగమంతా తీసేసి మళ్లీ రాశాను. ఇప్పుడు ఫోను "నేను మూట ఎత్తాను" అని చెప్పదు, "ఎత్తనా?" అని అడుగుతుంది. ఎవరి ప్రశ్న ముందు చేరితే వాళ్లకు సర్వర్ ఇస్తుంది, రెండోవాళ్లకు లేదంటుంది. మూట ఎవరిదో, మనిషి ఎక్కడున్నాడో, పొద్దు ఎంత మిగిలిందో, అన్నీ సర్వర్ మాటే. మీరు మొదటి రోజు నుంచే ఇలా రాసుకోండి. మోసం చేద్దామనుకునేవాళ్లకూ దీంతో దారి చాలావరకు మూసుకుపోతుంది.

సర్వర్ సెకనుకు 15 సార్లు అందరి స్థానాలూ పంపితే సరిపోతుంది. తెర మాత్రం సాధారణంగా 60 సార్లు గీస్తుంది కాబట్టి అవతలివాళ్లు గెంతుతున్నట్టు కనిపిస్తారు. వాళ్లను సెకనులో పదోవంతు వెనక ఉంచి, వచ్చిన రెండు స్థానాల మధ్య మెల్లగా జరపండి, నడక సాఫీగా వస్తుంది. మీ బొమ్మను మాత్రం బటన్ నొక్కగానే కదిలించండి, తేడా వస్తే తర్వాత సర్వర్ మాట ప్రకారం సర్దండి.

ఇంట్లో పరీక్షించడానికి లాప్‌టాప్‌నూ ఫోన్లనూ ఒకే హాట్‌స్పాట్‌కి కలపండి. ఫోన్లో లోకల్‌హోస్ట్ (అంటే 'ఈ పరికరమే') అని కొడితే అది తనలో తానే వెతుక్కుంటుంది, ఆ నెట్‌వర్క్‌లో లాప్‌టాప్‌కు ఉన్న నంబరు, అంటే దాని ఐపీ అడ్రస్ కొట్టాలి. అప్పుడూ తెరుచుకోకపోతే, బయటి నుంచి వచ్చేవాటిని ఆపే లాప్‌టాప్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడండి. ఆటను ఇంటర్నెట్‌లో పెట్టాక పేజీ అడ్రస్ భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతే వెబ్‌సాకెట్ అడ్రస్ కూడా దాని భద్రమైన రూపమైన డబ్ల్యూఎస్ఎస్‌తో మొదలవ్వాలి, లేకపోతే బ్రౌజర్ అడ్డుకుంటుంది.

ఆట మధ్యలో ఎవరికో ఫోన్ వస్తుంది, లైను తెగుతుంది. అప్పుడు వాళ్ల నెత్తిమీది మూటను అక్కడే నేలమీద దించండి. మనిషిని 30 సెకన్లు నిలబెట్టి ఉంచండి. వాళ్లు తిరిగొస్తే, ముందే ఇచ్చిన గుర్తు నంబరు చూసి అదే తలపాగాతో లోపలికి రానివ్వండి.

ఈ మధ్య నాన్న ఒక ఆట ఆడి, ధాన్యాగారం గుమ్మానికి అంచు లేదేమ్మా అన్నాడు. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా 16, నిలువుగా 16 గడుల్లో ఒక హంసను వేసిచ్చాడు. ఈ వారం దాన్ని పిస్కెల్‌లోకి ఎక్కిస్తున్నాను.