పాత బైక్ మీద అరిగిపోయిన నంబర్ చదవడానికి చిన్న చిట్కా

లిమిటెడ్ ఎడిషన్ (తక్కువ సంఖ్యలో చేసిన ప్రత్యేక మోడల్) పాత బండి అని చెప్పినా, అది నిజమో కాదో తేల్చే నంబర్ ఉంటుంది కదా, ఫ్రేమ్ మీద, ఇంజిన్ మీద కొట్టిన ఆ నంబర్ కనపడి చావదు, ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే ఇంకా తెల్లగా అలికేసినట్టు వస్తుంది. ఫ్లాష్ ఆపేయండి. గుడ్డకి కాస్త కిరోసిన్ అద్ది జిడ్డు తుడిచి, బాగా ఆరనిచ్చి, రూమ్‌లో లైట్లు తీసేసి టార్చ్‌ని పక్కనుంచి ఇనుముకి దాదాపు ఆనించినట్టు పెట్టండి, ఫోన్ మాత్రం ఎదురుగా నిటారుగా ఉండాలి. టార్చ్‌ని నాలుగు వైపులకీ మార్చి ఒక్కో ఫోటో, పక్కన స్కేల్ పెట్టి. తర్వాత పల్చటి కాగితం వేసి మెత్తటి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అచ్చు దిగుతుంది, దాని మీదే తేదీ రాసి దాచుకోండి.

బ్యాడ్జీలు, స్టిక్కర్లు ఎవడైనా కొని అంటించొచ్చు కాబట్టి నేనైతే వాటిని లెక్కలోకే తీసుకోను. ఉదాహరణకి 1977 ట్రయంఫ్ సిల్వర్ జూబ్లీ బోనవిల్ అనే లిమిటెడ్ ఎడిషన్ బైక్ అయితే నంబర్‌తో పాటు టీ140జే అనే మోడల్ కోడ్ ఉండాలి, టీ140వీ అని ఉంటే అది మామూలు బోనవిలే, ట్యాంక్ రంగు ఎంత ముద్దొచ్చినా సరే.

నంబర్ మీద మందంగా పెయింట్ ఉన్నా, గ్రైండర్ పెట్టి అరగదీసినా ఇది పనిచేయదు. కనపడట్లేదని వైర్ బ్రష్, ఎమరీ పేపర్ మాత్రం పెట్టకండి, అసలు నంబరే అయినా తర్వాత చూసేవాళ్ళకి దిద్దినట్టు కనపడుతుంది.