దొడ్లో వాలిన తేనెటీగల గుంపును పెట్టెలోకి ఎక్కించడం

కోనసీమ దొడ్లలో మామిడి, మునగ పూతమీదుండే రోజుల్లో ఉన్నట్టుండి ఓ కొమ్మకు ఈగలు ముద్దగా వేలాడతాయి. ఎండు కొబ్బరాకు మంట పెట్టడం, కిరోసిన్ చల్లడం దయచేసి వద్దు. ముందు అది ఏ జాతో చూడండి.

చిన్న రెమ్మను చుట్టుకుని అరచేతంత ఒకే పట్టు ఉంటే చిరు తేనెటీగలు; వదిలేయండి. ఎత్తైన చెట్టుకో వాటర్ ట్యాంకు అడుగునో ఆరుబయట పెద్ద పట్టు వేలాడుతుంటే పెద్ద తేనెటీగలు. అవి పెట్టెలో ఇమడవు, కదిపితే వందలుగా వెంటపడతాయి. పట్టు తీయడం తెలిసినవాళ్లకే వదలండి. పెట్టెకు పనికొచ్చేది పుట్ట తేనెటీగ. దాని ఈగ సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పట్టు లేకుండా ముద్దగా ఉన్నా, ఈగ దానికి రెట్టింపు పొడవుంటే అవి పెద్ద తేనెటీగలే, దూరం జరగండి.

పట్టు లేని ముద్దంటే కొత్త గూడు వెతుక్కునే గుంపు. పొట్టనిండా తేనె తాగి బయల్దేరుతాయి, కాచుకోడానికి పిల్లలుండవు, అందుకే కుట్టడం తక్కువ. రోజుల తరబడి వేలాడి ఆకలిమీదుంటే మాత్రం చిరాకుగా ఉంటాయి. ముఖానికి వల, పొడుగు చేతుల లేతరంగు చొక్కా వేసుకోండి. కుడితే ముల్లు వెంటనే గోటితో గీకేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ విషం ఎక్కుతూనే ఉంటుంది. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా 108కి ఫోన్ చేయాలి.

పని సాయంత్రం ఎండ తగ్గాక మొదలెట్టండి. ముద్దమీద నీళ్లు తుంపరగా కొట్టి, కింద వెడల్పాటి బుట్ట పట్టి, కొమ్మను ఒక్కసారి గట్టిగా దులపాలి. నెమ్మదిగా పదిసార్లు ఊపితే ఈగలు చెదిరిపోతాయి. బుట్ట నేలమీద బోర్లించి, ఓ అంచు కింద పుల్ల పెట్టి సందు ఉంచండి. రాణి లోపల పడిందా లేదా ఆ సందు దగ్గరే తెలుస్తుంది: కొన్ని ఈగలు లోపలివైపు తలపెట్టి, తోక పైకెత్తి రెక్కలాడిస్తూ మిగతావాటిని వాసనతో పిలుస్తాయి. అరగంటలో మళ్లీ కొమ్మకే చేరుతుంటే రాణి అక్కడే ఉంది, ఇంకోసారి దులపండి.

చీకటి పడ్డాక పెట్టెలోకి వంపండి. చట్రాలంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేములు; పైపుల్లల అడుగున కరిగించిన మైనం సన్నగా పూసినవి నాలుగైదు చాలు. మిగతా జాగా చెక్కతో మూసేయండి. పుట్ట తేనెటీగకు పారిపోయే గుణం ఎక్కువ. వేరే పెట్టెలోంచి పిల్లలున్న చట్రం ఒకటి తెచ్చి పెడితే ఆ పిల్లల్ని వదిలి అంత తేలిగ్గా పోవు. ఇంతకు మించిన ఉపాయం లేదు. రాణి దూరలేని గేటు ద్వారానికి పెట్టినా, వారంలోపే తీసేయండి. లోపలున్నది కన్నె రాణి అయితే జతకట్టడానికి బయటికి ఎగరాలి.

పెట్టె నీడలో ఉండాలి గానీ కొబ్బరిచెట్టు మొదట్లో వద్దు, కాయో మట్టో పడుతుంది. వాననీరు నిలవని మెరకన రెండడుగుల స్టాండు వేసి, కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి. ఒక్క గడ్డిపోచ పెట్టెకు తగిలినా చీమలకు అదే వంతెన.

మొదటి వారం, పూత లేని వానాకాలంలోనూ, కిలో పంచదార లీటరు నీళ్లలో కరిగించి సాయంత్రం పెట్టె లోపలే పెట్టాలి. బయట ఒలికితే చీమలు, పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పట్టు అడుగున పొడి, సాలెగూడులాంటి దారాలు కనబడితే మైనపు పురుగు పట్టినట్టే; ఈగలు కప్పని పాత పట్టులు ఆ రోజే తీసేయండి.