వృద్ధాశ్రమంలో గజ్జి వస్తే: అందరికీ ఒకేరోజు మందు

ఆశ్రమంలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రాత్రంతా గోక్కుంటున్నారంటే, వయసు మీద పడి చర్మం పొడిబారిందిలే అని కొబ్బరినూనె రాసి వదిలేయకండి. మేమూ అదే చేశాం. నెలన్నర తిరిగేసరికి ఇద్దరు ఆయాలకీ, వారం వారం వచ్చి తాతయ్య పక్కనే కూర్చునే మనవరాలికీ దురద. అప్పుడు గానీ చర్మం డాక్టర్ గుర్తుకు రాలేదు.

గజ్జి అంటే మురికి అనుకుని దాచేస్తారు గానీ, రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. కంటికి దాదాపు ఆనని పురుగు చర్మంలో దూరి గుడ్లు పెడుతుంది, ఒళ్లూ ఒళ్లూ తగిలితే అవతలివాళ్లకి ఎక్కుతుంది; మంచం మీంచి లేపడం, స్నానం చేయించడం, డైపర్ మార్చడం, మన దగ్గర పొద్దస్తమానం జరిగేది ఇదే కదా. పైగా మొదటిసారి సోకినవాళ్లకి దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోపే ఇంకొకరికి అంటించేస్తారు. అందుకే "నాకేం దురద లేదు, నాకెందుకమ్మా" అన్నా సరే, మందు రాయాల్సిందే.

వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, లంగా బొందు కట్టుకునే చోట, రొమ్ముల కింద చూడండి. సన్నటి వంకర గీతలు, చిన్న పొక్కులు కనిపిస్తాయి. మంచం పట్టినవాళ్లలో ఒక్కోసారి దురదే ఉండదు, చేతుల మీద మందంగా పొలుసులు కడతాయి. టెన్షన్ పడాల్సింది వీళ్ల గురించే. మామూలు గజ్జిలో ఒంటి మీద 10-15 పురుగులుంటే వీళ్ల మీద వేలల్లో ఉంటాయి. వెంటనే వేరే గది ఇచ్చి, గ్లౌజులు, పొడుగు చేతుల గౌను లేకుండా ముట్టుకోకండి. వీళ్లకి క్రీమ్ ఒక్కటే చాలదు, మాత్రలు కూడా కావాలి, అవి డాక్టరే రాయాలి.

మిగతావాళ్లకి సాధారణంగా ఇచ్చేది పెర్మెత్రిన్ 5% క్రీమ్, పెద్ద మనిషికి ఒకసారికి దాదాపు 30 గ్రాములు పడుతుంది. ముందు పేర్లన్నీ రాసుకోండి: ఉండేవాళ్లు, ఆయాలు, వాళ్ల ఇళ్లలోవాళ్లు, వాచ్‌మన్. ఈరోజు నలుగురికి, రేపు నలుగురికి అంటే అది తిరిగి తిరిగి మొదటివాళ్ల దగ్గరికే వస్తుంది.

భోజనాలయ్యాకే మొదలుపెట్టండి. మొదటిసారి మేం సాయంత్రమే రాసేశాం, ఒక తాతగారు పప్పన్నం కలుపుకుని తిని శుభ్రంగా చేతులు కడిగేసుకున్నారు, మళ్లీ రాయాలని ఎవరికీ తట్టలేదు. ఆయన వేళ్ల సందుల్లోనే మళ్లీ వచ్చింది. మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి, పెద్దవాళ్లకైతే కళ్లూ నోరూ వదిలేసి ముఖానికీ, తలకీ, చెవుల వెనకా కూడా. గోళ్లు కత్తిరించి వాటి కిందా రాయండి. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం. వారం తర్వాత ఇదంతా ఇంకోసారి.

స్నానం అయ్యాక గత 3 రోజుల బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయండి. ఉతకలేని శాలువాలు, వీల్‌ఛైర్ మెత్తలు ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి వారం పక్కన పెడితే చాలు, ఒంటి మీంచి దిగాక ఆ పురుగు 2-3 రోజులకు మించి బతకదు. గదులంతా పురుగుల మందు కొట్టించడం దండగ.

మెడికల్ షాపువాళ్లు చేతికిచ్చే దురద క్రీములు వద్దు, వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, దురద తగ్గినట్టే తగ్గి పురుగు హాయిగా పెరుగుతుంది. మందు పనిచేసినా 2-4 వారాలు దురద ఉండొచ్చు, భయపడి రోజూ పెర్మెత్రిన్ పూసేయకండి. కొత్తగా చేరేవాళ్లని రెండో విడత అయ్యేదాకా ఆపండి. కుటుంబాలకి మీరే ఫోన్ చేసి చెప్పండి, కాస్త తిట్లు పడతాయి, మాకూ పడ్డాయి. ఆ తర్వాత ఇంకో 6 వారాలు స్నానం చేయించేటప్పుడల్లా పెద్దవాళ్ల వేళ్ల సందులతో పాటు తమ వేళ్ల సందులు కూడా చూసుకోమని ఆయాలకి చెప్పండి.