చిన్న బస్సులకు బాడీ కట్టిన షెడ్డు చరిత్రను రాయడం ఎలా?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చిన్న బస్సులకు బాడీ కట్టిన షెడ్డు చరిత్రను రాయదలచిన వారు మొదట ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇటువంటి బస్సుకు తయారీదారులు ఇద్దరు. ఇంజను, గేరుబాక్సు, చక్రాలతో కూడిన ఛాసిస్ ఏదో ఒక పెద్ద కంపెనీది. దాని మీద యాంగిళ్లు నిలబెట్టి, రేకు కొట్టి, సీట్లు బిగించినది షెడ్డు. కంపెనీ చరిత్ర వార్షిక నివేదికల్లో దొరుకుతుంది. షెడ్డు చరిత్ర మాత్రం పాత బిల్లు పుస్తకాల్లోను, మేస్త్రీల జ్ఞాపకాల్లోను, ఇంకా తిరుగుతున్న బండ్ల మీదను ఉంటుంది. అందువల్ల యజమాని దగ్గరకు వెళ్లడానికి ముందే ఆ షెడ్డులో కట్టిన బండి నొకదానిని నిదానంగా పరిశీలించాలి.

ఛాసిస్ నంబరుతో మొదలుపెట్టవచ్చు. 17 అక్షరాలున్న నంబరు ‘ఎంఏటీ’తో మొదలైతే అది టాటా వారిది, ‘ఎంబీ1’ అయితే అశోక్ లేలాండ్ వారిది, ‘ఎంబీయూ’ అయితే స్వరాజ్ మజ్దా పేరుతో మొదలైన ఎస్ఎంఎల్ వారిది. ఆర్.సి.లో కనిపించే తయారీ నెల సాధారణంగా ఛాసిస్‌దే కాబట్టి, దానినే బాడీ కట్టిన తేదీగా రాసుకోకూడదు. ఆ నెలకూ రిజిస్ట్రేషన్ తేదీకీ నడుమ ఉన్న వ్యవధిలోనే బండి షెడ్డులో నిలిచి ఉంటుంది. బాడీ కట్టని ఛాసిస్‌కు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద వీలుంది. వీటన్నిటికంటె విలువైన కాగితం ఫారం 22-ఎ, అంటే బాడీ వేరుగా కట్టిన బండి ప్రమాణాలకు తగినట్టు ఉందని ఇచ్చే ధ్రువపత్రం. దాని మొదటి భాగం ఛాసిస్ కంపెనీది, రెండవ భాగం బాడీ కట్టిన వారిది. పాత యజమాని ఫైలులో ఈ రెండవ భాగం దొరికిందంటే సగం పని అయినట్టే.

నంబరు ప్లేటును మాత్రం అతిగా నమ్మరాదు. ఏపీ 30 శ్రీకాకుళానిది, ఏపీ 35 విజయనగరానిది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. అది బండి ఎక్కడ నమోదైందో చెబుతుందే గాని ఎక్కడ కట్టారో చెప్పదు. పైగా పాత ఛాసిస్ మీద కొత్త బాడీ కట్టించడం మామూలే. రిపేరుకు వచ్చిన బండికి కింది వరుస రేకు విప్పినప్పుడు లోపలి యాంగిళ్లను చూడాలి. రివెట్ల కోసం రెండుసార్లు తొలిచిన కన్నాలు ఉంటే రేకు ఒకసారి మారిందనే అనుకోవచ్చు.

ఇక మేస్త్రీలతో మాట్లాడేటప్పుడు ‘ఏ సంవత్సరంలో’ అని అడిగితే సరైన జవాబు రాదు. మొదట కట్టిన ఛాసిస్ ఏది, అది ఎవరి బండి, ఎన్ని సీట్లు, ఫ్రేము టేకుదా ఇనుపదా అని అడగాలి. జపాను కంపెనీల సాంకేతికతతో స్వరాజ్ మజ్దా, డీసీఎం టొయోటా, ఐషర్, జహీరాబాద్‌లో తయారైన అల్విన్ నిస్సాన్ అనే నాలుగు చిన్న బండ్లు మన రోడ్ల మీదికి వచ్చినది 1980 దశకంలో. టాటా 407 వచ్చినది 1986లో. ‘407 కొత్తగా వచ్చిన రోజుల్లో’ అని మేస్త్రీ అన్నాడంటే 1986కు ముందటి సంవత్సరం వేయడానికి వీల్లేదు. (అల్విన్ అనగానే అందరూ ఫ్రిజ్జులు, వాచీలే తలచుకుంటారు గాని, 1942లో హైదరాబాదులో పుట్టిన ఆ సంస్థ బస్సు బాడీలు కూడా కట్టింది.) పెయింటరును, సీట్లు కుట్టిన వారిని, రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టరును కూడా తప్పక కలవాలి. బస్సు బాడీలకు ఏఐఎస్ 052 ప్రమాణం, బాడీ కట్టేవారికి గుర్తింపు తప్పనిసరి అయ్యాక షెడ్డు ఆ గుర్తింపు తెచ్చుకుందా, లేక రిపేర్లకే పరిమితమైందా అన్నది ఈ చరిత్రలో కీలకమైన మలుపు కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇవ్వాలి.

ఆఫీసు రికార్డుల కోసం వెళ్లేటప్పుడు జిల్లా సరిహద్దులు గుర్తుండాలి. విజయనగరం జిల్లా ఏర్పడినది 1979 జూన్ 1న. అంతకుముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాకు, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు మారాయి. కనుక రాజాం షెడ్డుకు సంబంధించిన పాత కాగితాల కోసం శ్రీకాకుళంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో విచారించాలి. అడిగితే ఇవ్వనప్పుడు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి.

తేదీ లేని బిల్లుల కాలాన్ని పన్ను నంబరుతో అంచనా వేయవచ్చు. ఏపీజీఎస్టీ (రాష్ట్రపు పాత అమ్మకపు పన్ను) నంబరుంటే ఆ బిల్లు పుస్తకం 2005 ఏప్రిల్‌లో వ్యాట్ రాకముందు అచ్చయినది; 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరుంటే 2017 జూలై నాటిది లేదా ఆ తరువాతది. బిల్లును రెండు వైపులా ఫొటో తీయాలి. యాంగిళ్ల తూకం, రేకుల లెక్క, కూలీలకిచ్చిన అడ్వాన్సులు పెన్సిలుతో రాసి ఉండేది చాలావరకు వెనక వైపునే.