పాత ఫ్లాపీ ఏ ఫార్మాట్‌లో ఉందో గుర్తించి, చెడగొట్టకుండా చదవడం ఎలా?

అటక మీద 5.25 అంగుళాల ఫ్లాపీ దొరికితే వెంటనే డ్రైవ్‌లో పెట్టకండి. లేబుల్ పైకి కనిపించేలా, హెడ్ (డేటాను చదివి రాసే భాగం) ఆనే పొడవాటి సందు కిందికి ఉండేలా పట్టుకుంటే కుడి అంచున ఒక చదరపు గాటు కనిపిస్తుంది. దాని మీద వెలుతురు దూరని టేపు అంటించండి. అప్పుడు ఆ ఫ్లాపీ మీద ఏమీ రాయడం డ్రైవ్‌కు సాధ్యం కాదు. 3.5 అంగుళాల దానికి ఇది తిరగబడుతుంది. అక్కడ కిటికీ తెరిచి ఉంటేనే రక్షణ.

తరువాత ఫ్లాపీ మధ్య రంధ్రంలో రెండు వేళ్లు పెట్టి, గోధుమరంగు పొరను తాకకుండా నెమ్మదిగా తిప్పండి. తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు కావచ్చు. శుభ్రం చేయకుండా డ్రైవ్‌లో పెడితే అది హెడ్‌కు అంటుకుని తరువాతి ఫ్లాపీలను కూడా గీరేస్తుంది. తిప్పుతున్నప్పుడు పక్కనున్న చిన్న రంధ్రాన్ని కూడా గమనించండి: పూర్తి చుట్టులో ఒక్కసారే వెలుతురు కనిపిస్తే అది సాఫ్ట్ సెక్టార్ ఫ్లాపీ, పదకొండు లేదా పదిహేడు సార్లు కనిపిస్తే హార్డ్ సెక్టార్ ఫ్లాపీ. సెక్టార్ అంటే డేటా రాసే ఒక ముక్క; హార్డ్ రకంలో ప్రతి ముక్క మొదలును రంధ్రమే చూపిస్తుంది, సాఫ్ట్ రకంలో ఫార్మాట్ చేసినప్పుడు రాసిన గుర్తులు చూపిస్తాయి.

సైజు ఒకటే అయినంత మాత్రాన ఫార్మాట్ ఒకటి కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఒక వైపు 40 ట్రాకులు (డేటా రాసే వలయాలు), ట్రాకుకు 512 బైట్ల సెక్టార్లు 8 చొప్పున 160 కేబీ రాసేది; 1983లో దాని ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 2.0 తొమ్మిది సెక్టార్లతో, రెండు వైపులా కలిపి 360 కేబీకి చేర్చింది. 1984లో ఐబీఎం ఏటీ మోడల్ 80 ట్రాకులు, 15 సెక్టార్లతో 1.2 ఎంబీ తెచ్చింది. యాపిల్ 2 ఫ్లాపీలో 35 ట్రాకులు, 140 కేబీ. కమొడోర్ 1541 డ్రైవ్ బయటి ట్రాకుల్లో 21 సెక్టార్లు, లోపలి వాటిలో 17 పెట్టి 170 కేబీ సాధించింది. ఈ రెండూ జీసీఆర్ అనే వేరే సంకేత పద్ధతిలో రాసినవి కనుక మామూలు పీసీలో డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్‌కు వాటిని చదవడం సాధ్యం కాదు.

1.2 ఎంబీ డ్రైవ్ 360 కేబీ ఫ్లాపీని, హెడ్‌ను ట్రాకుకు రెండేసి అడుగులు జరుపుతూ, చక్కగా చదువుతుంది, రాయడమే ప్రమాదం. దాని హెడ్ సన్నది కాబట్టి కొత్త డేటా పాత ట్రాకు నడుమ మాత్రమే పడి, అంచుల్లో పాతది మిగిలిపోతుంది, ఆపై 360 కేబీ డ్రైవ్‌లోని వెడల్పాటి హెడ్ రెండింటినీ కలిపి చదివి తప్పులు చూపుతుంది. నేను ఒక ఫ్లాపీని సరిగ్గా ఇలాగే పోగొట్టుకున్నాను, అందుకే టేపు సంగతి మొదట చెప్పాను.

యాపిల్, కమొడోర్ ఫ్లాపీలకు గ్రీస్‌వీజిల్ (ఫ్లాపీ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే చిన్న బోర్డు)ను పీసీ డ్రైవ్‌కు తగిలించి, సెక్టార్లను కాకుండా అయస్కాంత మార్పులనే నేరుగా ఫైలుగా తీసుకోండి. ఫార్మాట్ విప్పే పని ఆ ఫైలు మీద తీరిగ్గా చేసుకోవచ్చు. కవరుకు రెండు అంచులా గాట్లుంటే రెండో వైపు తిరగేసి వాడిన ఫ్లాపీ అని అర్థం. తిరగేసినప్పుడు చిన్న రంధ్రం డ్రైవ్ సెన్సర్ ఎదుటికి రాదు, కొన్ని డ్రైవులు అసలు చదవవు. ఆ రంధ్రం ఇచ్చే సంకేతం లేకున్నా పనిచేసే డ్రైవ్‌నే అందుకు వాడండి.