విశాఖలో మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ పియానోలు: రిజిస్టరు, తేమ, ట్యూనింగ్

స్టాక్ రిజిస్టరులో "పియానోలు – 6" అని ఒక్క వరస రాస్తే ఆడిట్‌కి చాలు, పియానోకి చాలదు. ఒక్కోదానికి ఒక్కో పేజీ కేటాయించి, పైన సీరియల్ నంబరు వేయండి. గది నంబరుతో గుర్తుపెట్టుకుంటే, పియానోని పక్క గదికి జరిపిన రోజే లెక్క తప్పుతుంది. అప్‌రైట్ (నిలువు పియానో) పై మూత ఎత్తితే చాలావాటిలో ఇనప ప్లేటు మీదే, తీగలు చుట్టి బిగించే ట్యూనింగ్ పిన్నుల చుట్టుపక్కల, ఆ నంబరు ఉంటుంది. పేరున్న కంపెనీలదైతే దాన్నిబట్టి తయారైన సంవత్సరం కూడా తేలుతుంది. డిజిటల్ పియానోలకు అడాప్టరు, పెడలు, స్టాండు విడివిడిగా ఎక్కించండి. ముందు మాయమయ్యేవి అవే.

ఇక నెలనెలా రాయాల్సినవి: తేదీ, గదిలో తేమ శాతం, నడిమి సి మీది ఎ స్వరం ఎన్ని హెర్ట్జ్ పలుకుతోందో. 440 ఉండాలి. ఫోన్లో ట్యూనర్ యాప్ సరిపోతుంది. తేమ పెరిగితే సౌండ్‌బోర్డు (తీగల వెనకుండే పెద్ద చెక్క పలక) ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, ఆరితే దిగుతుంది. అందుకే జులైలో ట్యూన్ చేయించిన పియానో జనవరికి దిగిపోయి ఉంటుంది; తప్పు ట్యూనరుది కాదు. వానలు, తుపాన్ల కాలం దాటాక, నవంబరు చివర్లోనో డిసెంబరులోనో పెద్ద ట్యూనింగ్ పెట్టుకోండి. శ్రుతి బాగా దిగి ఉంటే ముందు మోటుగా పైకి లాగి, తర్వాత సన్నంగా సరిచేయాలి. అంటే రెండు విడతల పని. కొటేషన్ అడిగేటప్పుడే ఆ హెర్ట్జ్ లెక్క పంపండి.

మెట్ల (వేళ్లతో నొక్కే కీల) పరీక్షకి తొందర పనికిరాదు. పై మూత, ముందు పలక తీసి, ఎడమ చివర నుంచి 88 మెట్లూ ఒక్కొక్కటే మెల్లగా నొక్కి వదలండి. చూడాల్సింది లోపల తీగని కొట్టే సుత్తిని. మెట్టే పైకి రాకపోతే దాని కన్నంలోని ఫెల్టు (దళసరి ఉన్ని గుడ్డ) ఉబ్బి ఉంటుంది, లేదా సందులో పెన్సిలో రూపాయి బిళ్లో పడి ఉంటుంది. మెట్టు లేచినా సుత్తి బద్ధకంగా వెనక్కి వస్తుంటే, అది తిరిగే చిన్న ఇరుసు దగ్గర బిగిసిందన్నమాట. ఫెల్టు ఉబ్బడమైతే గది ఆరితే చాలాసార్లు దానంతటదే పోతుంది, ఇరుసు బిగియడం ఏటా తిరగబెడుతుంటే ఇరుసు పిన్ను మార్పించాలి. రెంటినీ "మెట్టు పట్టేస్తోంది" అని ఒకే మాటలో రాయకండి. నూనె, స్ప్రే అసలే వద్దు: ఫెల్టు జిగురెక్కుతుంది, ట్యూనింగ్ పిన్నులు దిగిన చెక్కలోకి ఇంకితే పిన్నులు పట్టు వదిలేస్తాయి. కింది పలక కూడా తీసి టార్చితో చూడండి. చెదలు, ఎలుక పెంటికలు, కొరికిన ఫెల్టు కనిపించేది అక్కడే.

తేమ 45–55 శాతం ఉండాలంటారు. సముద్రపు గాలిలో అది కుదరకపోతే 60 దగ్గర నిలకడగా ఉన్నా నయమే. క్లాసు ఉన్నంతసేపు ఏసీ గడ్డకట్టించి, రాత్రి కిటికీలు తెరవడం కంటే చెడ్డ పని లేదు. గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్‌కి నీళ్లు పోయే గొట్టం పెట్టించండి. డబ్బా నిండితే అర్ధరాత్రి అదే ఆగిపోతుంది. పియానో లోపలి గోడ వైపు, ఏసీ గాలి తగలకుండా ఉండాలి. ఉప్పుగాలి వచ్చే కిటికీ పక్కన తీగలు తుప్పు పడతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి హెచ్చరిక వస్తే కిటికీలకు దూరంగా జరిపి, దుప్పటి కప్పి, జల్లు పడకుండా పైన మాత్రమే పాలిథిన్ వేయండి. చుట్టూ బిగించి కడితే లోపలి తేమ బయటికి పోదు. గాలివాన తగ్గగానే తీసేయండి. అప్‌రైట్ చాలావరకు 200 కిలోల పైమాటే, కాబట్టి దాని చిన్న చక్రాల మీద వరండాలో దొర్లించకండి. ట్రాలీ, నలుగురు మనుషులు కావాలి. కొత్త గదిలో రెండు మూడు వారాలు కుదురుకున్నాకే ట్యూనరుని పిలవండి.

పనికిరాదని కండెమ్ చేసేముందు ట్యూనరు చేత పిన్నుల పట్టు రాయించండి. నాలుగైదు వదులైతే లావు పిన్నులు వేస్తే సరి. వరసలకు వరసలు జారుతున్నా, ఇనప ప్లేటు పగిలినా ఖర్చు పెట్టకండి. విరాళంగా ఇస్తామన్న పియానోకీ ఇదే పరీక్ష, లారీ ఎక్కించకముందే.