ఏళ్ల తరబడి నిలబడిపోయిన జోంగాని మళ్లీ రోడ్డెక్కించాలంటే

ఆర్మీ నుంచి బయటికొచ్చిన జోంగా, అదే ఆ పాత జీపు లాంటి పెట్రోల్ బండి, కొన్నారా, ఇంజిన్ సంగతి తర్వాత, ఆ 3956 సీసీ ఆరు సిలిండర్ల నిస్సాన్ డిజైన్ మొండిది, అంత తేలిగ్గా చావదు. ముందు బ్రేకులు చూడండి. నాలుగూ డ్రమ్ములే కదా, డ్రమ్ము ఊడదీసి వీల్ సిలిండర్ (బ్రేక్ షూలని డ్రమ్ము మీదికి నెట్టేది) రబ్బరు బూటు అంచు వేలితో కాస్త ఎత్తండి, లోపల తడి తగిలిందంటే ఫ్లూయిడ్ లీకవుతున్నట్టే, దాని లోపలి రబ్బరు కప్పులు (సీళ్లు) మార్చాల్సిందే, ఇది వదిలేసి పెయింటు మీద డబ్బు తగలేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుద్ది. తర్వాత పాత పెట్రోల్ మొత్తం తీసేయండి, తుప్పు పొట్టు పడుతుంటే ట్యాంకు దింపి కడిగించాకే కార్బురేటర్ ముట్టుకోండి, లేదంటే శుభ్రం చేసిన జెట్లు, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలు, మళ్లీ మూసుకుపోతాయి. సెల్ఫ్ కొట్టేముందు ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేసి, ఇంజిన్ని చేత్తో తిప్పి చూడండి, ఫ్రీగా తిరిగితేనే బ్యాటరీ పెట్టండి. కమాన్ పట్టీల షాకిల్స్‌కి (పట్టీల చివరని ఛాసిస్‌కి కలిపే లింకులకి) గ్రీజు కొట్టడం మర్చిపోకండి.